పై ఇంటి చుక్క

మొదటి చుక్క మనిషి మీద పడలేదు. బాయిలరు నుంచి వేడినీళ్ళు మోసుకొచ్చే నిలువు గొట్టం కిటికీ పక్కన కప్పులోంచి దిగే చోట, నేల మీద పడింది. షార్కాన్ ఆ సమయానికి మోకాళ్ళ మీద కూర్చుని షిర్దాక్, అంటే నేల మీద పరిచే ఉన్ని తివాచీ, కుడుతోంది. దట్టంగా తొక్కిన ఎర్ర ఉన్నిలో నల్ల ఉన్నిని పొట్టేలు కొమ్ముల్లా మెలికలు తిప్పి అతుకుతోంది. అరచేతికి కట్టుకున్న తోలుముక్కతో దబ్బనాన్ని కిందికి నొక్కడం, కింది చేత్తో అందుకుని లాగడం, దారాన్ని పంటితో బిగించడం. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పని కాబట్టి చూపు కుట్టు మీద, మనసు మొగుడి ఊపిరి మీద పెట్టుకుని ఎంతసేపైనా కూర్చోగలదు.

మొగుడు ఎసెనాలి గోడవారగా మంచం మీద ఉన్నాడు. న్యుమోనియా తగ్గిందని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. తగ్గడమంటే చావకపోవడం, అంతే. "గది పొడిగా ఉండాలి, వెచ్చగా ఉండాలి. ఒకటుండి ఒకటి లేకపోతే కుదరదు" అని చెప్పాడు డాక్టరు. "ఇంకోసారి ఛాతీకి పట్టిందంటే నా దగ్గరికి తేవద్దు, ముల్లా దగ్గరికి తీసుకెళ్ళండి" అని కూడా అన్నాడు. ఆయన మాట అంతే, కొడవలి లాంటిది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. రెండోదాంట్లోనూ, వంటింట్లోనూ రేడియేటర్లు ఎప్పుడో తుప్పు పట్టి చచ్చిపోయాయి. చలికాలం ఆ రెండో గదిలో గొర్రె మాంసం వేలాడదీస్తారు, గడ్డ కట్టుకుపోతుంది. మనిషి ఉండగలిగింది ఈ ఒక్క గదిలోనే.

"ఏంటే ఆ చప్పుడు?" అన్నాడు ఎసెనాలి.

"పైనుంచి నీళ్ళు."

అతను కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. టప్. కాస్త ఆగి మళ్ళీ టప్.

"మన తాంచిబెక్ దిగొస్తున్నాడు. కుర్చీ వెయ్యి."

"నోర్ముయ్. చచ్చిపోయినోడి మీద ఎకసెక్కాలా?" అంది గానీ షార్కాన్‌కి నవ్వొచ్చింది. తాంచి అంటే చుక్క, నీళ్ళు కారడానికీ అదే మాట. పై అంతస్తు ముసలాయన పుట్టినప్పుడు చుక్కంత ఉన్నాడని ఆ పేరు పెట్టారట. పెద్దయ్యాక గుమ్మాలు పట్టని మనిషయ్యాడు. కనుమ దారిలో ఎసెనాలితో కలిసి లారీ నడిపాడు. పోయి రెండు చలికాలాలయింది.

"పై ఇంటి కోడలు పిల్ల విన్నదంటే చెవులు మూసుకుంటుంది, జాగ్రత్త" అంది షార్కాన్.

కోడలు మామగారి పేరు పలకకూడదు. ఆ పేరులో దాగిన మాట కూడా నోట రాకూడదు. మా నారిన్ పట్నంలో ఈ పద్ధతి ఎప్పుడో గాలికి పోయింది. కానీ పై ఇంటి కుందుజ్ కొండ మీది గొర్రెల మంద నుంచి నేరుగా ఈ మెట్లెక్కిన పిల్ల. కడుపుతో ఉన్నప్పుడు జలుబు చేస్తే మందుల షాపుకెళ్ళి, ముక్కులో వేసుకునే చుక్కలు అనలేక "ముక్కులోకి చిన్ని కన్నీళ్ళు ఇవ్వండి" అని అడిగింది. షాపు అమ్మాయి పడీ పడీ నవ్వింది. వరసలో వెనకే నిలబడ్డ షార్కాన్ కూడా నవ్వింది. అత్త బురుల్ మాత్రం ఆ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. ఇట్లాంటి కోడలు ఈ రోజుల్లో ఎవరికి దొరుకుతుందని.

షార్కాన్ చుక్క పడే చోట బేసిను పెట్టింది. సాయంత్రానికి గొట్టం చుట్టూ కప్పు మీద రొట్టెంత మరక దిగింది. పడే నీళ్ళు నల్లగా, వేడిగా, తుప్పు కంపు కొడుతున్నాయి. చేతులు తుడుచుకుని పైకి వెళ్ళింది.

తలుపు బురుల్ తీసింది. కళ్ళకి శుక్లాలు, మోకాళ్ళకి నొప్పులు, వాటి మీద తెల్లటి ఉతికిన తలగుడ్డ. ఇంటి నిండా కాగిన నూనె వాసన. షార్కాన్ నోరు తెరవకముందే రొట్టెపళ్ళెం ముందుకొచ్చింది.

"ముందు ముక్క నోట్లో వేసుకో, తర్వాత మాట."

గుమ్మంలోకి వచ్చి రొట్టె ముట్టకుండా పోకూడదు. ముట్టాక గొంతు పెంచడం కష్టం. ఈ పద్ధతి పెట్టినవాడు గొడవలు పడలేనివాడై ఉంటాడు. షార్కాన్ ముక్క తుంచి నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

"అక్కా, మీ ఇంట్లోంచి మాకు నీళ్ళు దిగుతున్నాయి."

"మా ఇంట్లోంచా? వచ్చి చూసుకో."

వంటింట్లో తొట్టి కింద చెయ్యి పెట్టించింది. స్నానాల గదిలో గొట్టాలు తడిమించింది. అన్నీ పొడిగానే ఉన్నాయి.

"ఆ గదో?" అంది షార్కాన్, పరదా కట్టిన తలుపు వైపు చూపించి. సరిగ్గా తమ గది మీద గది అదే.

"అందులో పసిబిడ్డ ఉన్నాడు. పుట్టి నలభై రోజులు నిండలేదు. నేనూ తల్లీ తప్ప ఆ గడప ఎవరూ దాటరు."

"పోనీ కోడల్నైనా అడగండి."

బురుల్ పరదా దగ్గరికెళ్ళింది. "అమ్మాయ్, కింద పిన్నిగారు అడుగుతోంది. గదిలో నీళ్ళేమైనా ఉన్నాయా?"

లోపల ఊయల కిర్రుమనడం ఆగింది. "నేల మీద లేవత్తయ్యా" అంది కుందుజ్ సన్నటి గొంతుతో. ఊయల మళ్ళీ ఊపుతూ, "కానీ... మామయ్య..." అంది.

"తెలుసు తల్లీ, తెలుసు. నువ్వు పడుకో." బురుల్ పరదా సర్ది వెనక్కి తిరిగింది. ఆ ముఖం మీద, ఎందుకో గానీ, పెళ్ళికూతురి ముఖం మీద ఉండేలాంటి వెలుగుంది. షార్కాన్‌ని గుమ్మం దాకా సాగనంపి గొంతు తగ్గించి చెప్పింది. "ఆ గదిలో జరుగుతున్నది మంచిదే. నీకు చెప్పినా అర్థం కాదు."

మంచిదట. షార్కాన్ మెట్లు దిగుతూ పళ్ళు కొరుక్కుంది. ఒకరి కప్పు నానుతుంటే ఇంకొకరికి మంచి జరుగుతుందా?

* * *

మర్నాడు హౌసింగ్ ఆఫీసు నుంచి ప్లంబరు కుబాత్ వచ్చాడు. సంచీ గుమ్మంలో పెట్టి, తల వెనక్కి వంచి కప్పు చూసి, ముక్కు ఎగబీల్చాడు.

"పైన రేడియేటరు బిగింపు సడలింది. ఎండాకాలంలో వాళ్ళబ్బాయి కొత్తది పెట్టుకున్నాడు. సొంత తెలివి. తను పెట్టి తను రష్యా పోయాడు, టాక్సీ తోలుకోడానికి."

"అయితే వెళ్ళి బిగించు నాయనా."

వెళ్ళాడు, వచ్చాడు. నోట్లో రొట్టెముక్క ఇంకా నములుతూనే ఉన్నాడు.

"రానివ్వట్లేదు. నలభై నిండాలంట, ఇనప సామానుతో మగమనిషి అడుగు పెట్టకూడదంట. ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. అమ్మ మాటే నా మాట అన్నాడు. నేను తలుపు బద్దలు కొట్టలేను కదక్కా."

"నలభై నిండేసరికి ఈయన చావుకి నలభయ్యో రోజు చెయ్యాల్సొస్తుంది."

మంచం మీద ఎసెనాలి నవ్వబోయి దగ్గులో పడ్డాడు. కుబాత్ తల దించుకున్నాడు.

"ఒక దారుంది. కింద సెల్లారులో ఈ వరస గొట్టం కట్టేస్తాను. చుక్క ఆగుతుంది. కానీ నీ రేడియేటరు కూడా అదే వరస మీదుంది. చల్లబడిపోతుంది. ఆలోచించుకో."

ఇందులో ఆలోచించుకోడానికేముంది? పొడి కావాలంటే వెచ్చదనం పోతుంది. వెచ్చదనం కావాలంటే తడి. డాక్టరు రెండూ కావాలన్నాడు. షార్కాన్ కుబాత్‌ని పంపేసి, మంచాన్ని గోడ దగ్గర నుంచి గది మధ్యకి లాగింది. కాళ్ళ వైపు పాదాలతో నెట్టి, తల వైపు భుజంతో నెట్టి, మొగుడు మీద ఉండగానే లాగింది. అతను దూది పరుపంత బరువే ఉన్నాడు. 

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. బురుల్. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నూనెలో వేయించిన రొట్టెలు. ఆ మోకాళ్ళతో మెట్లు దిగి వచ్చింది. చనిపోయినవాళ్ళకి అందేది వాసనొక్కటే కాబట్టి నూనె కాచి, రొట్టెలు వేయించి, నాలుగిళ్ళకీ పంచుతారు. ఈ మధ్య ఈవిడ మాటిమాటికీ పంచుతోంది.

"మా ఆయన పేరు మీద. తీసుకో షార్కాన్."

షార్కాన్ చెయ్యి చాచలేదు. "అక్కా, మా కప్పు కూలిపోతోంది. లోపలికొచ్చి ఒక్కసారి చూడండి."

"బాలింత ఇంటి మనిషిని. రోగి ఉన్న గడప తొక్కకూడదు. నా మనవడికీ మంచిది కాదు, నీ మొగుడికీ మంచిది కాదు."

"మీ గడప నేను దాటకూడదు, నా గడప మీరు దాటకూడదు. నీళ్ళు మాత్రం అన్ని గడపలూ దాటొచ్చు."

బురుల్ పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడింది. రొట్టెని నేల మీద పెట్టకూడదు, వెనక్కి తీసుకుపోకూడదు.  ఎంతసేపు నిలబడేదో గానీ లోపల్నుంచి ఎసెనాలి పిలిచాడు.

"తీసుకోవే. చచ్చినోడి రొట్టె మీద అలగకూడదు. వదినా, దండాలు."

"బాగున్నావా మరిదీ?"

"నీళ్ళలో చేపలా ఉన్నాను."

బురుల్ దాన్ని మంచి మాటగానే తీసుకుని, దేవుడు చల్లగా చూస్తాడని దీవించి, మెట్ల కడ్డీ పట్టుకుని పైకెళ్ళిపోయింది. షార్కాన్ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆ రొట్టెల వంక తిట్టలేక చూస్తూ కూర్చుంది. ఎసెనాలి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక చాలాసేపు నానబెట్టాడు.

* * *

ఆ తర్వాతి రోజు కప్పు పొట్ట పెట్టింది. సున్నం కింద నీళ్ళు చేరి, గర్భిణి కడుపులా కిందికి వంగింది. అలా వదిలేస్తే మొత్తం ఒక్కసారి ఊడిపడుతుంది. షార్కాన్ స్టూలెక్కి, షిర్దాక్ కుట్టే దబ్బనంతో ఉబ్బు నడిమధ్య పొడిచింది. దబ్బనం తీయగానే గోధుమరంగు నీళ్ళు సన్నటి ధారగా మోచేతి మీదుగా చంకలోకి పారాయి. ఒక చేత్తో బేసిను పట్టుకుని, నిండగానే దిగి, పారబోసి, మళ్ళీ ఎక్కింది. అలా ఎన్నిసార్లెక్కిందో ఆమెకే తెలీదు.

వేడి తడికి గదంతా ఆవిరి. గోడలు చెమటలు కక్కుతున్నాయి. కిటికీ అద్దాల మీద ఆ ఆవిరే గడ్డకట్టి మంచు పేరుకుంది. పెట్టె మీద దొంతరగా పేర్చిన బొంతలు ముట్టుకుంటే చేతికి తేమ తగిలింది. మూలన చుట్టిపెట్టిన షిర్దాక్‌లో ఎరుపు నలుపులోకి దిగి కొమ్ములన్నీ నెత్తురు మరకల్లా తయారయ్యాయి. నెలల తరబడి కుట్టిన పని అది. షార్కాన్ దాన్ని ఒకసారి చూసి కాలితో పక్కకి నెట్టింది. బాధపడటానికి కూడా తీరిక ఉండాలి.

ఎసెనాలి ఊపిరి మారింది. ఇదివరకు గురక లాగుండేది, ఇప్పుడు నీళ్ళు సగం ఉన్న హుక్కాలా గుడగుడమంటోంది. ఆమె ఆ చప్పుడు విని కుబాత్‌కి కబురు పెట్టింది. సెల్లారులో గొట్టం కట్టేయమంది.

కుబాత్ కట్టేశాడు. కాసేపటికి చుక్క మెల్లబడి, మెల్లబడి, ఆగింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో షార్కాన్ మర్చిపోయింది. నేల తుడిచి, కప్పు కింద గుడ్డలు తీసి పిండి, మొగుడి ఛాతీకి గొర్రెతోక కొవ్వు కాచి రుద్దింది. వేళ్ళ కింద పక్కటెముకలు ఒక్కొక్కటే తగులుతున్నాయి. రుద్దుతుండగానే వెనక రేడియేటరు చల్లారిపోయింది. నారిన్ చలి మామూలు చలి కాదు, తలుపు సందు దొరికితే మంచం దాకా వచ్చి కూర్చుంటుంది. చేతికందిన బొంతలన్నీ కప్పింది. అవన్నీ తేమవే. ఎసెనాలి పెదాలు నీలంగా మారాయి.

పైన పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు. ఊయల ఊగుతున్న చప్పుడు, జోల, అయినా ఏడుపు ఆగలేదు.

"ముసలీ" అన్నాడు ఎసెనాలి. "తిప్పెయ్."

"ఏంటి తిప్పేది?"

"గొట్టం. పైన పిల్లోడికి చలేస్తోంది."

"నువ్వో?"

"నాదేముంది. నేను తడికీ చలికీ రెండిటికీ పనికిరానోణ్ణి. వాడు ఇప్పుడే వచ్చాడు."

షార్కాన్‌కి ఆ క్షణంలో అతన్ని చంపేయాలనిపించింది. బతికించుకోడానికి ఇంత చేస్తుంటే మంచితనం ఒలకబోస్తున్నాడు. బురుల్ మీద కంటే, కారే గొట్టం మీద కంటే, అతని మంచితనం మీదే ఆమెకి ఎక్కువ కోపం వచ్చింది. అయినా సెల్లారుకి పరిగెత్తింది. చీకట్లో తడుముకుంటూ ఇనప చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పింది. గొట్టం మూలిగి, లోపల నీళ్ళు పరిగెత్తడం మొదలైంది. ఎక్కడికి పోతాయో ఆమెకి తెలుసు.

తిరిగొచ్చి తలుపు తీస్తుండగానే కప్పు ఊడింది.

పెద్ద పెచ్చు, తడిసిన సున్నం, కింద చెక్కబద్దలు. సగం నేల మీద, సగం మంచం మీద పడింది. తల వైపు పడలేదు, కాళ్ళ మీద పడింది. ఎసెనాలి కనుబొమల మీద, మీసాల మీద తెల్లటి పొడి. లేవబోయి దగ్గు అందుకున్నాడు. ఆ దగ్గు ఆగదేమో అన్నంతసేపు దగ్గి, చేతిగుడ్డ నోటి నుంచి తీసి మడత పెట్టి దిండు కిందికి తోయబోయాడు. షార్కాన్ లాక్కుని చూసింది. ఎర్రగా ఉంది.

ఆమె ఏడవలేదు. పెచ్చులు అతని మీద నుంచి తీసి, ఇంకో బొంత మార్చి, వంటింట్లోకెళ్ళి ఎముకలు కొట్టే గొడ్డలి తీసుకుని మెట్లెక్కింది. తలుపు తీస్తే సరే, తీయకపోతే తలుపుతోనే మొదలుపెడదామనుకుంది.

* * *

తలుపు కుందుజ్ తీసింది. బురుల్ ఇంట్లో లేదు, పక్క మెట్లవరసకి రొట్టెలు పంచడానికి వెళ్ళింది. కుందుజ్ గొడ్డలి చూసింది. ఆ పిల్ల భయపడి తలుపు మూసేస్తుందనుకుంది షార్కాన్. కానీ ఆమె పెదాల మీద వేలు పెట్టి, షార్కాన్ మణికట్టు పట్టుకుని, పరదా ఎత్తి ఎవరూ దాటకూడని గడప దాటించింది.

చిన్న గది. చెక్క ఊయలలో బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారుకున్నాడు. కిటికీ పక్కన ఒక కుర్చీ, కుర్చీ మీద తెల్లటి ఉన్ని టోపీ. పెద్ద తలది. కిటికీ గట్టు మీద గిన్నెలో టీ, ఇంకా పొగలు పోతోంది. కుందుజ్ మోకాళ్ళ మీద వంగి రేడియేటరు వెనక్కి చూపించింది. బిగింపు చుట్టూ గుడ్డపీలిక కట్టి ఉంది. దాని కింద ఎనామిల్ కప్పు, అది నిండి ఉంది. కప్పులోంచి పొర్లింది పొర్లినట్టే గొట్టాన్ని అంటుకుని జారి, నేలలో గొట్టం దిగే కంతలోకి పోతోంది. అందుకే నేల మీద నీళ్ళు లేవు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"గొట్టాల్లోకి వేడి వదిలినప్పటి నుంచీ పిన్నీ. అప్పుడు కొంచెమే. గుడ్డలు పెట్టి పిండుతున్నాను." చేతులు చూపించింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని ముడతలు పడ్డాయి. "ఇప్పుడు నా వల్ల కావట్లేదు."

"నోరు లేదుటే నీకు? అత్తకి చెప్పలేవా?"

"చెప్పాను. రోజూ చెప్పాను."

"ఏమని?"

కుందుజ్ తల దించుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. "మామయ్య వస్తున్నారని. కిటికీ దగ్గర. ఆగకుండా వస్తున్నారని."

షార్కాన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొడ్డలి కిందికి దింపింది.

"ఇంకెలా చెప్పను? ఆ మాట నోట రాకూడదు కదా" అంది కుందుజ్. "నేనలా అనగానే అత్తయ్య ఏడ్చారు. సంతోషంతో. మనవణ్ణి చూసుకోడానికి వచ్చాడు అన్నారు. కాదత్తయ్యా, ఇక్కడ తడిగా ఉంది అన్నాను. ఏడ్చుంటాడు, బిడ్డని చూసి అన్నారు. తర్వాత కుర్చీ తెచ్చి వేశారు. టీ పెడతారు. తెల్లారేసరికి టీ ఆవిరై తగ్గితే తాగాడంటారు. ఆ తర్వాత నాకు ఇంకో మాట దొరకలేదు పిన్నీ."

షార్కాన్ నేల మీద కూలబడింది. గొంతులోంచి వచ్చింది నవ్వో ఏడుపో ఆమెకే తెలీలేదు. ఒక్క మాట. ఈ పిల్ల ఒక్క మాట అనలేకపోయినందుకు కింద తన మొగుడు నెత్తురు కక్కుతున్నాడు. ఆ మాట అనకూడదని నేర్పినవాళ్ళలో తనూ ఉంది. మందుల షాపులో నవ్వినా, బయటికొచ్చి ఈ పిల్ల భుజం తట్టి, పద్ధతి తెలిసినదానివి అని మెచ్చుకుంది కూడా.

బయటి తలుపు చప్పుడైంది. కాళ్ళీడ్చుకుంటూ నడిచే అడుగులు. పరదా తొలిగింది.

"ఎవరది?" అంది బురుల్. శుక్లాల కళ్ళు చిట్లించి చూసింది. "షార్కానా? ఈ గదిలోనా? ఆ చేతిలో ఏంటది?"

షార్కాన్ నోటి దాకా మాట వచ్చేసింది. ముసలిదానా, వచ్చేది నీ మొగుడు కాదు, సడలిన మర. ఎన్నో రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాట వెనక వరసగా నిలబడ్డాయి. అప్పుడు ఆమె చూపు టీగిన్నె మీద పడింది. గిన్నె అంచుకి పూలు. ఇంట్లో ఉన్నవాటిలోకల్లా మంచి గిన్నె. ఇవాళో రేపో తనూ ఇట్లాగే ఒక గిన్నె నింపుతూ కూర్చుంటుందేమో, ఎవరికి తెలుసు?

"అక్కా" అంది. "మీ ఆయన మా ఇంటికీ వస్తున్నాడు."

 బురుల్ భయంగా, ఆశగా అడిగింది. "వచ్చి ఏమంటున్నాడు?"

"ఈ మూలన బిగింపు సడలిందంటున్నాడు. మనిషిని పిలిచి బిగించమంటున్నాడు. లారీ నడిపిన మనిషి కదా, కారుతున్నదాన్ని చూస్తూ ఊరుకోలేడు. కింద మా ఆయన ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. మా కప్పు ఇప్పుడే ఆయన మీద పడింది. అది మీ ఆయన చూళ్ళేకపోతున్నాడు."

బురుల్ గోడ పట్టుకుని ముందుకొచ్చింది. నొప్పుల మోకాళ్ళు వంచి, మూలుగుతూ, కుర్చీ పక్కన కూర్చుంది. రేడియేటరు వెనక చెయ్యి పెట్టి తడిమింది. గుడ్డపీలిక, తడి ఇనుము, నిండిన కప్పు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ అరచెయ్యి చాచి పెట్టింది. అరచేతిలో ఒకటి పడింది. కాస్త ఆగి ఇంకొకటి పడింది.

"తాంచి" అంది బురుల్.

కుందుజ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కోడలే కాదు, పెళ్ళాం కూడా పలకకూడని పేరది. కాపురం చేసినన్నాళ్ళూ, పాతిపెట్టాక కూడా, బురుల్ నోట ఆ మాట వచ్చి ఎరగదు.

"తాంచి" అంది ఆమె మళ్ళీ, అరచేతిలోకి చూస్తూ. "తాంచిబెక్." పిలిచినట్టుగా అంది. ఎవరూ పలకలేదు. గుడ్డపీలిక మీంచి ఇంకో చుక్క జారింది.

కోడల్ని తిట్టలేదు. చేయి తలగుడ్డ అంచుకి తుడుచుకుని, కుర్చీ మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, బిడ్డని వంటింట్లోకి తీసుకుపో. అక్కడిది వేరే గొట్టం. షార్కాన్, ఆ కుబాత్‌ని పిలువు. మీ ఆయన్ని కూడా పైకి తీసుకురండి, మా వంటింట్లో పడుకోబెడదాం."

"నలభై నిండలేదు కదక్కా. రోగి మనిషి..."

"నిండనిదాన్ని దేవుడు నింపుకుంటాడు. నువ్వు వెళ్ళు."

* * *

ఎసెనాలిని బొంత మీద పడుకోబెట్టి, నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని మోశారు. కుబాత్, ఇంకో ముగ్గురు ఇరుగుపొరుగు మగవాళ్ళు. మెట్ల మలుపులో కాళ్ళ వైపు ముందుకు తిప్పబోతే అతను చెయ్యెత్తాడు.

"తల ముందు. కాళ్ళు ముందు పెట్టేంత పని ఇంకా కాలేదు."

బురుల్ వంటింట్లో పొయ్యి పక్కన పరుపు వేసింది. పొడి బొంతలు, తన పెళ్ళినాటివి, పెట్టె అడుగునుంచి తీసింది. ఎసెనాలి వాటిల్లో కూరుకుపోయి కళ్ళు మూసుకున్నాడు. అతని ఊపిరి ఇంకా గుడగుడమంటూనే ఉంది. పెదాల నీలం మాత్రం కాస్త తగ్గింది, లేక తగ్గిందని షార్కాన్ అనుకుంది. డాక్టర్ని పిలవడానికి మనిషి వెళ్ళాడు. ఆయన ఏమంటాడో షార్కాన్ అప్పుడే ఆలోచించదలుచుకోలేదు. అవతలి మూలన ఊయలలో బిడ్డ చప్పరించుకుంటూ నిద్రపోతున్నాడు.

గదిలోంచి కుబాత్ పనిముట్ల చప్పుడు వస్తోంది. రెంచి జారి, అతను ఏదో గొణుక్కుని, మళ్ళీ పట్టు తీసుకుని బిగించాడు. బురుల్ షార్కాన్ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఆ చప్పుడే వింటోంది. టోపీ ఇంకా ఒళ్ళోనే ఉంది. అంచు మీది నల్ల కుట్టుని బొటనవేలితో రాస్తోంది.

"అయిపోయింది" అని కేకేశాడు కుబాత్. "ఇక కారదు."

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బురుల్ తల పక్కకి వంచి చాలాసేపు విన్నది. తర్వాత, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"షార్కాన్."

"చెప్పండక్కా."

"మీ ఇంటికీ వచ్చాడన్నావు."

షార్కాన్ ఆమె వంక చూసింది. అరచేతిలో తుప్పునీళ్ళు పట్టుకుని చూసిన మనిషి, అది ఏమిటో తెలిసిన మనిషి, అయినా అడుగుతోంది. కింద కప్పు కూలి ఉంది. చలికాలం ముందుంది. పక్కన మొగుడు ఒక్కో ఊపిరీ వెతుక్కుని తీసుకుంటున్నాడు. ఈ మనిషి నోటి నుంచి తప్పు మాదే అన్న మాట వినాలని ఎన్ని రోజులు ఎదురు చూసింది తను. ఇప్పుడు అడిగితే అంటుంది. కాళ్ళు కూడా పట్టుకుంటుంది.

"వచ్చాడక్కా" అంది షార్కాన్. "మా ఆయన మంచం పక్కనే కూర్చునేవాడు."

"చలేస్తోందన్నాడా?"

"లేదు. వెచ్చగానే ఉన్నానన్నాడు."

బురుల్ తల ఊపింది. టోపీ పక్కన పెట్టి, లేచి, ఎసెనాలి కాళ్ళ మీద బొంత సరిచేసి, అందరికీ టీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.